ఒక్క జి-9 మీద ఇంత భారమా?

అరటిపండును అడ్డంగా కోసి చూస్తే మధ్యలో చిన్న చిన్న నల్ల చుక్కలు కనిపిస్తాయి. గింజలు కావలసి, కాలేకపోయిన అండాల ఆనవాళ్లవి. మనం తినే రకాల్లో ఎక్కువ వాటిలో క్రోమోజోములు రెండు సెట్లకు బదులు మూడు సెట్లుంటాయి. పుప్పొడి, అండం తయారయ్యే వేళ అవి సమంగా విడిపోలేవు కాబట్టి గింజ కట్టదు. పండు మాత్రం పరాగసంపర్కం లేకుండానే ఊరుతుంది. అడవి అరటిలో అలా కాదు, పండంతా గట్టి గింజలే. గింజలేని చెట్టు ఎక్కడైనా కనబడితే దాని దుంప పక్కన లేచిన పిలకను తవ్వి నాటుకుంటూ మనిషి వేల ఏళ్లుగా ఈ తీపిని నిలుపుకున్నాడు. పిలకకు తండ్రి వాటా ఉండదు. అందుకే రుచీ, గెల తీరూ తల్లివే వస్తాయి. తల్లి తట్టుకోలేని తెగులును పిలకా తట్టుకోలేదు.

ఒకే మొక్క ప్రతులతో ప్రాంతాలకు ప్రాంతాలు నింపడం ఎంత ప్రమాదమో లాటిన్ అమెరికా ఒకసారి చూసింది. అక్కడి ఎగుమతి తోటలు దాదాపు అన్నీ గ్రో మిషెల్ అనే ఒక్క రకమే. మట్టిలో బతికే ఫ్యుజేరియం శిలీంధ్రం తెచ్చిన పనామా తెగులుకు ఆ తోటలు వరసగా ఎండిపోయాయి. కింది ఆకులు పసుపుబారి వేలాడతాయి, బోదె పగులుతుంది, దుంప కోస్తే లోపల ఎర్రటి గోధుమరంగు చారలుంటాయి. 1960 ప్రాంతానికి వ్యాపారులు ఆ తెగులును తట్టుకునే కావెండిష్ అనే రకానికి మారిపోయారు. మన అమృతపాణి కూడా ఈ తెగులుకు తేలిగ్గా లొంగేదే. నేడు అనంతపురం, కడప తోటల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్తున్న జి-9 ఆ కావెండిష్ కుటుంబంలోదే. ఇప్పుడు అదే శిలీంధ్రంలోని టీఆర్4 అనే కొత్త తెగ కావెండిష్‌నే చంపుతోంది. ఆసియాలో ముదిరి, 2019లో కొలంబియా చేరింది. మన దేశంలోనూ బీహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లో బయటపడింది. దీనికి మందు లేదు, మట్టిలో చేరితే దశాబ్దాలు పోదు.

రైతు జి-9ను ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. గెలలన్నీ దాదాపు ఒకేసారి కోతకొస్తాయి, కాయ ఒకే సైజులో ఉంటుంది, కొనేవాడూ అదే అడుగుతాడు. టిష్యూ కల్చర్ మొక్క ల్యాబ్ నుంచి తెగులు లేకుండా వస్తుందన్నదీ నిజమే. కానీ ఆ శుభ్రత నాటే రోజు వరకే. తెగులున్న నేలలో వేళ్లూనాక దాన్ని ఎదిరించే గుణం ల్యాబ్ ఇవ్వలేదు. పిలకల్లోనూ అప్పుడప్పుడు మార్పులు వస్తాయి కదా అనవచ్చు. వస్తాయి. తైవాన్ శాస్త్రవేత్తలు టిష్యూ కల్చర్‌లో పుట్టిన మార్పుల్లోంచే టీఆర్4ను కొంత ఓర్చుకునే కావెండిష్ మొక్కలు ఏరారు. అది గొప్ప పనే, కాకపోతే ఆ ఓర్పు పాక్షికం. బలంగా ఎదిరించే జన్యువు దొరికింది గింజలున్న అడవి అరటిలో. 2024లో ఆస్ట్రేలియా అనుమతించిన జన్యుమార్పిడి కావెండిష్‌లో ఉన్నది ఆ జన్యువే. తరతరాలుగా పుప్పొడీ అండమూ కలిసి జన్యువులు కలబోసుకున్న చోటే అలాంటి ఆయుధాలు మిగిలి ఉంటాయి. పిలకల తోటలో ఆ కలబోత జరగదు.

ఆ కలబోతను మనిషి పూనుకుని జరిపించవచ్చు, కాని అది ఓపిక పని. హోండురస్‌లోని పరిశోధకులు పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది, గెలలకు గెలలు పండ్లు నలిపి జల్లెడ పట్టి, దొరికిన నాలుగు గింజలను మొలకెత్తించి కొత్త రకాలు తీశారు. ఇలాంటి పనికి ఏళ్లు పడతాయి, ఆ ఏళ్లకు జీతాలూ నేలా కావాలి. తిరుచ్చిలోని జాతీయ అరటి పరిశోధనా కేంద్రానికీ, మన కొవ్వూరు పరిశోధనా స్థానానికీ ఆ నిధులు తెగులు మన తోటలకు రాకముందే అందాలి. ఉద్యాన శాఖ టిష్యూ కల్చర్ మొక్కలకిచ్చే రాయితీలో కొంత చక్కెరకేళి, అమృతపాణి, బొంత సాగు చేసేవారికీ కేటాయించాలి. తెగులున్న ప్రాంతాల నుంచి పిలకలు, మట్టి అంటిన పనిముట్లు, వాహనాలు మన తోటల్లోకి రాకుండా తనిఖీ ఇప్పుడే మొదలుపెట్టాలి.