నాలుగు పోలికల పనికి లైబ్రరీ ఎందుకు?

తెరమీద రెండు ఆకారాలు ఒకదానిపై ఒకటి పడ్డాయో లేదో తేల్చడానికి ఏదో ఒక లైబ్రరీ తెచ్చుకోవడమే తెలివైన పని అన్న అభిప్రాయం ప్రోగ్రామర్లలో బలంగా ఉంది. అది సరికాదు. ఆ లెక్క చాలా చిన్నది. అందులోని నిర్ణయాలు మాత్రం ఇంటర్‌ఫేస్ కట్టేవారే తీసుకోవలసినవి.

తిప్పని దీర్ఘచతురస్రాలకు నాలుగు పోలికలు చాలు. ప్రతిదాని ఎడమ అంచూ రెండోదాని కుడి అంచుకు ఎడమవైపు ఉండాలి. ప్రతిదాని పై అంచూ రెండోదాని కింది అంచుకు పైన ఉండాలి. ఈ సూత్రం తెలియనివారు ఒకదాని మూలలు రెండోదాని లోపల పడ్డాయేమో చూస్తారు. అడ్డపట్టీ, నిలువుపట్టీ కూడిక గుర్తులా దాటుకుంటే ఏ మూలా లోపల పడదు, పరీక్ష తప్పుతుంది.

వృత్తాలకైతే కేంద్రాల మధ్య దూరపు వర్గాన్ని, వ్యాసార్థాల మొత్తపు వర్గంతో పోలిస్తే సరి, వర్గమూలం అక్కర్లేదు. వృత్తం, దీర్ఘచతురస్రం ఎదురైతే దీర్ఘచతురస్రంలో కేంద్రానికి అతి దగ్గరి బిందువును పట్టుకుని, ఆ దూరాన్ని వ్యాసార్థంతో పోల్చాలి.

పదిమంది వాడిన లైబ్రరీయే భద్రమన్నది అవతలి వాదన. కానీ 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారమైన ఎన్‌పీఎమ్ నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని తొలగించగానే, బేబెల్ కంపైలర్‌తో సహా దానిపై ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. చిన్న పనిని అరువు తెచ్చుకోవడంలోనూ ప్రమాదముంది.

అంతకన్నా ముఖ్యం, అంచులు తాకితే ఏమనాలన్నది లైబ్రరీకి తెలియదు. క్యాలెండర్‌లో 10 నుంచి 11 వరకు ఒక సమావేశం, 11 నుంచి 12 వరకు మరొకటి ఉంటే అవి ఢీకొన్నట్టు కాదు. అదే, లాగి వదిలే బొమ్మ గడి అంచును తాకితే చేరినట్టే లెక్కించాల్సి రావచ్చు. తిప్పిన ఆకారాలదీ ఇదే సంగతి. 100 పిక్సెళ్ల చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పితే బ్రౌజర్ ఇచ్చే చుట్టుపెట్టె భుజం సుమారు 141 పిక్సెళ్లు, వైశాల్యం రెట్టింపు. ఆ పెట్టెను నమ్మితే ఖాళీ జాగా కూడా తగిలినట్టే కనిపిస్తుంది. తిప్పిన రెండు దీర్ఘచతురస్రాల నీడలను వాటి అంచులకు లంబమైన నాలుగు దిశల్లో పోల్చాలి. ఏ ఒక్క దిశలో ఎడం కనిపించినా అవి విడిగా ఉన్నట్టే.

వేగం గురించిన భయమూ అతిశయమే. 100 ఆకారాలకు 4,950 జతలు, 20,000 లోపు పోలికలు. నేటి ఫోన్‌కు అది భారం కాదు. వేల ఆకారాలు నిరంతరం కదిలేచోట, లోపలికి వంగిన బహుభుజులు ఉన్నచోట లైబ్రరీ అవసరమే. బటన్లు, కార్డులు, క్యాలెండర్ గడులు ఆ కోవలోకి రావు.