మరమ్మతు సరే, నమ్మకం మాటేమిటి?



ఈ శీర్షికలో పుస్తకాలను గురించి, సినిమాలను గురించి, పెరటి తోటలను గురించి ముచ్చటించుకుంటూ వస్తున్నాము. ఈ పర్యాయం ఒక కంప్యూటర్ ఆటను గురించి వ్రాయబూనడం పెద్దలలో కొందరికి వింతగా తోచవచ్చు. కాని మన కాలనీలో ఏ క్వార్టర్ తలుపు తట్టినా లోపల ఒక కుర్రవాడో అమ్మాయో తెర ముందు కూర్చుని వేరొక లోకంలో సంచరిస్తూ ఉండడం మనం చూస్తూనే ఉన్నాము. పిల్లల వినోదం పెద్దల జేబుకు సంబంధించినది కూడా కనుక, ఆ సంగతి కాస్త తెలుసుకోవడం అవసరమే.

మొన్నటి ఆదివారం మా చిన్నవాడు దగ్గరకు వచ్చి, "నాన్నగారూ, విచర్ నాలుగవ భాగం రాబోతోంది. ముందుగా డబ్బు తీసుకోవడం మొదలుపెట్టగానే మనం కట్టేద్దామా?" అని అడిగాడు. వెంటనే సరే అనలేకపోయాము. ఎందుకు అనలేకపోయామో వానికి చెప్పిన సమాధానమే ఈ నెల మా ముచ్చట.

ముందు ఆ ఆటల స్వభావం చెప్పవలసి ఉన్నది. వీటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. నాటకంలో నటుడు కవి వ్రాసిన సంభాషణనే చెప్పాలి. ఈ ఆటలో మాత్రం ఆడేవారు ఒక పాత్రను ధరించి, ఎవరితో స్నేహం చేయాలో, ఎవరిని ఎదిరించాలో, ఏ మాటకు ఏ జవాబు ఇవ్వాలో తామే నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయాలను బట్టి కథ మలుపు తిరుగుతుంది. తన ఎంపికకు ఫలితం ఉన్నదన్న తృప్తే ఈ ఆటలకు ప్రాణం.

ఇటువంటి ఆటలను నిర్మించి జగత్ప్రసిద్ధి పొందిన సంస్థలలో పోలండ్ దేశపు సీడీ ప్రాజెక్ట్ ఒకటి. 1994లో వార్సా నగరంలో ఇద్దరు మిత్రులు కంప్యూటర్ సీడీలు అమ్ముకునే చిన్న వ్యాపారంగా దీనిని ఆరంభించారు. తరువాత పరాయి దేశపు ఆటలను పోలిష్ భాషలోకి మార్చి అమ్మారు. అనంతరం తమ దేశపు రచయిత ఆంజెయ్ సప్కోవ్‌స్కీ కథల ఆధారంగా, రాక్షస సంహారమే వృత్తిగా గల ఒక వీరుని గాథను 'ది విచర్' పేరిట 2007లో ఆటగా వెలువరించారు. రెండవ భాగం 2011లో వచ్చింది. ఆ ఏడాది అమెరికా అధ్యక్షుడు ఒబామా వార్సా వచ్చినపుడు పోలండ్ ప్రధాని డొనాల్డ్ టస్క్ ఆయనకు ఇచ్చిన కానుకలలో ఈ ఆట కూడా ఉన్నది. ఒక దేశం తన పనితనానికి గుర్తుగా ఒక ఆటను అతిథికి సమర్పించిందంటే ఆ సంస్థ గౌరవం ఎంతటిదో ఊహించవచ్చు.

2015లో వచ్చిన మూడవ భాగం ఆ కీర్తికి కలశం పెట్టింది. 2023 నాటికి అయిదు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. పైగా, కొన్నవారికి పదహారు చిన్న చిన్న అదనపు భాగాలను ఉచితంగా అందించారు. కొనుగోలుదారుని ఇంతగా గౌరవించే సంస్థ మరొకటి లేదని ఆటల లోకమంతా మెచ్చుకున్నది. మేము ముందుగా ఈ మాట చెప్పడానికి కారణం ఉన్నది. నమ్మకం లేనిచోట నిరాశకు తావు లేదు. నిరాశ ఎంత లోతైనదో తెలియాలంటే నమ్మకం ఎంత ఎత్తున ఉండేదో ముందు తెలియాలి.

ఆ సంస్థ తరువాతి ప్రయత్నం 'సైబర్‌పంక్ 2077'. అమెరికాకు చెందిన మైక్ పాండ్‌స్మిత్ 1988లో రూపొందించిన కాగితం, పాచికల ఆట దీనికి మాతృక. నైట్ సిటీ అనే భావికాలపు నగరం. అక్కడ 'వి' అనే కిరాయి సాహసి. ఆ సాహసి తలలో ఇరుక్కుపోయిన ఒక చిప్పు. అందులో ఏనాడో గతించిన ఒక గాయకుని మనస్సు. ఆ మనస్సు నానాటికీ ఈ మనిషిని తుడిచివేస్తూ ఉంటుంది. గాయకుని పాత్రకు హాలీవుడ్ నటుడు కీయాను రీవ్స్ రూపమూ గొంతూ ఇచ్చారు. 2012లో ఈ ఆటను ప్రకటించారు. 2013లో విడుదల చేసిన చిన్న చిత్రంలో తేదీ చెప్పవలసిన చోట "సిద్ధమైనప్పుడు వస్తుంది" అన్న అర్థం వచ్చే మాట వేశారు. పనిమంతుడు చెప్పదగిన మాట అది.

దురదృష్టవశాత్తు ఆ మాట నిలువలేదు. మొదట 2020 ఏప్రిల్ 16 అన్నారు. తరువాత సెప్టెంబరు 17 అన్నారు. ఆ పిమ్మట నవంబరు 19 అన్నారు. అక్టోబరు ఆరంభంలో, డిస్కులు అచ్చువేయడానికి తుది ప్రతి సిద్ధమైనదని చాటారు. ఆ నెల తిరగకుండానే మరి మూడు వారాలు వాయిదా వేశారు. ఉద్యోగులను అదనపు పనికి బలవంతపెట్టబోమని 2019లో చెప్పిన యాజమాన్యమే, 2020 సెప్టెంబరులో వారానికి ఆరు రోజులు పని చేయాలని ఆదేశించినట్లు పత్రికలు వెల్లడించాయి. షిఫ్టులలో పనిచేసే మనకు ఈ లక్షణాలు ఏమి సూచిస్తాయో వేరుగా చెప్పనక్కరలేదు. తేదీ మీద తేదీ మారుతూ, ఓవర్‌టైము మీద ఓవర్‌టైము పడుతూ ఉంటే, పని స్థితి పైవారికి పూర్తిగా తెలియడం లేదని అర్థం. లేదా తెలిసీ ఒప్పుకోవడం లేదని అర్థం.

ఎట్టకేలకు 2020 డిసెంబరు 10న ఆట విడుదలైనది. అప్పటికే ఎనభై లక్షల మంది ముందుగా కొనుగోలు చేసి ఉన్నారు. శక్తిమంతమైన కంప్యూటర్లు ఉన్నవారికి ఆట కొంత బాగానే నడిచింది. సామాన్యుల ఇళ్ళలో ఉన్న ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాల మీద మాత్రం అడుగడుగునా తడబడింది, బొమ్మలు అలుక్కుపోయాయి, మధ్యలో ఆగిపోయింది. విడుదలకు ముందు విమర్శకులకు అందించినవి కంప్యూటర్ ప్రతులు మాత్రమే. పాత యంత్రాల మీద ఆట ఎలా ఉన్నదో కొనేవారికి ముందుగా తెలిసే మార్గం లేకపోయింది. వారం గడిచేసరికి సోనీ సంస్థ కోరినవారికి సొమ్ము వాపసు ఇస్తామని ప్రకటించి, తన ఆన్‌లైన్ దుకాణం నుండి ఆ ఆటను తొలగించింది. తిరిగి చోటు దక్కడానికి 2021 జూన్ వరకు, అంటే ఆరు మాసాలు పట్టింది.

2021 జనవరిలో సంస్థ స్థాపకులలో ఒకరైన మార్చిన్ ఇవిన్‌స్కీ కెమెరా ముందుకు వచ్చి క్షమాపణ చెప్పుకున్నారు. పాత యంత్రాలకు ఆటను అమర్చడంలోని కష్టాన్ని తక్కువగా అంచనా వేశామని, తాము జరిపిన పరీక్షలలో ఈ లోపాలు చాలావరకు బయటపడలేదని ఆయన వివరించారు. తప్పు తమ బృందాలది కాదని, యాజమాన్యానిదని ఒప్పుకోవడం మెచ్చదగినదే. అయినా చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్న చందమే గదా!

న్యాయంగా మరొక వైపు కూడా చెప్పాలి. ఆ సంస్థ చేతులు దులుపుకొని పోలేదు. మూడేళ్ళ పాటు మరమ్మతులు చేస్తూనే వచ్చింది. మొదట్లో నైట్ సిటీలో నేరం చేస్తే పోలీసులు గాలిలోంచి ఊడిపడినట్లు వెనుకనే ప్రత్యక్షమయ్యేవారు. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 సవరణతో వారు వాహనాలలో వెంటాడడం నేర్చుకున్నారు. పాత్ర నైపుణ్యాలను పెంచుకునే పద్ధతిని మొదలంటా మార్చారు. అదే నెలలో 'ఫాంటమ్ లిబర్టీ' అనే అనుబంధ కథ వెలువడి మంచి పేరు తెచ్చుకున్నది. ఆ ఏడాదికి మొత్తం అమ్మకాలు రెండున్నర కోట్లు దాటాయి. పడిపోయిన భవనాన్ని అదే పునాది మీద తిరిగి లేపిన ఆ పనివారి ఓర్పుకు నమస్కరించవలసిందే.

మరి మా నిరాశ ఎందుకు తీరలేదు? మరమ్మతుకు లొంగే లోపాలు కొన్ని, లొంగనివి కొన్ని ఉంటాయి. ఆట మొదట్లో 'వి' పూర్వజీవితాన్ని మూడింటిలో ఒకటిగా ఎంచుకోవచ్చు: సంచారి, వీధిలో పెరిగినవాడు, బడా కంపెనీ ఉద్యోగి. మూడు జీవితాలు గనుక మూడు కథలు ఉంటాయని ఎవరైనా ఆశిస్తారు. కాని కొద్దిసేపటికే ఆ మూడు త్రోవలూ ఒకే వీధిలో కలిసిపోతాయి. తరువాత అక్కడక్కడ ఒక అదనపు సంభాషణ తప్ప పెద్ద తేడా కనబడదు. ప్రాణమిత్రుడు జాకీతో ఆరు మాసాల సహవాసాన్ని రెండు మూడు నిమిషాల దృశ్యమాలికగా చూపి దాటవేస్తారు. ఆడేవారు స్వయంగా అనుభవించి ఉంటే ఆ స్నేహం గుండెకు హత్తుకునేది. పోలీసులను సవరించగలిగారు గాని, ఈ వెలితిని ఏ సవరణా పూడ్చలేదు. ప్లానులో లేని గదిని సున్నం వేసి తేలేము. పాత్రధారణే ప్రాణమైన ఆటలో పాత్ర ఎంపిక పలచబడితే, ఎన్ని హంగులు ఉన్నా కడుపు నిండదు.

ఇక రాబోయే భాగం మాట. 2022 మార్చిలో సంస్థ కొత్త విచర్‌ను ప్రకటించింది. దానితో పాటే, తాము సొంతంగా నిర్మించుకున్న రెడ్ ఇంజన్ అనే సాధనాన్ని పక్కన పెట్టి, ఎపిక్ సంస్థ వారి అన్‌రియల్ ఇంజన్ 5ను వాడబోతున్నట్లు తెలిపింది. 2024 డిసెంబరులో చూపిన తొలి చిత్రంలో, వీరుడు గెరాల్ట్ పెంపుడు కూతురు వంటి సిరి ఈసారి కథానాయిక అని తెలిసింది. 2026 ముగియక మునుపు ఆట రాదని 2025లో సంస్థ స్పష్టం చేసింది. తేదీ విషయంలో ఈ మాత్రం నిదానం సంతోషకరమే.

మా సందేహాలు రెండు. మొదటిది యంత్రాల మార్పు. ఫ్యాక్టరీలో పాత యంత్రాలు దించి కొత్తవి బిగించినపుడు, మొదటి ఏడాది ఉత్పత్తి లక్ష్యాన్ని తగ్గించుకోవడం మనకు అలవాటు. చేయి తిరగడానికి సమయం పడుతుంది. రెండవది లెక్క. విచర్ మొదటి భాగానికీ మూడవ భాగానికీ నడుమ ఎనిమిదేళ్ళు పట్టింది. కొత్తగా తలపెట్టిన మూడు భాగాలనూ ఆరేళ్ళ వ్యవధిలో తెస్తామని 2022లోనే ప్రకటించారు. ఆటలు అప్పటికంటె ఎన్నో రెట్లు పెద్దవయ్యాయి. వ్యవధి మాత్రం తగ్గింది. ఇది చాలదన్నట్లు సైబర్‌పంక్‌కు రెండవ భాగం కూడా సిద్ధం చేస్తున్నారు. గతంలో దెబ్బ తీసినది పనితనం కొరత కాదు, క్యాలెండరు మీది మోజు. ఆ మోజు పూర్తిగా వదిలినట్లు మాకు ఇంకా తోచడం లేదు.

ఒక శుభ సూచన కూడా ఉన్నది. 2025 జూన్‌లో విచర్ సాంకేతిక ప్రదర్శనను సామాన్యులు వాడే ప్లేస్టేషన్ 5 మీదనే నడిపి చూపించారు. వెనుక దాచినదానినే ఈసారి ముందు చూపించారన్నమాట. అయితే అది ప్రదర్శన మాత్రమేనని, అసలు ఆట కాదని వారే చెప్పుకున్నారు. ఇల్లలకగానే పండుగ కాదు గదా.

అందుచేత మా చిన్నవానితో ఇలా అన్నాము: "కొందాము, నాయనా. ముందుగా మాత్రం వద్దు. ఆట వచ్చిన తరువాత నెల రోజులు ఆగుదాము. మన ఇంట్లో ఉన్నటువంటి యంత్రం మీదనే అది ఎలా నడుస్తున్నదో నలుగురూ చెప్పనీ. ఆ మాట విని కొందాము." వాడు ముఖం ముడుచుకున్నాడు. కాసేపటికి, "మరి అందరూ నెల ఆగితే ముందు ఆడి చెప్పేదెవరు?" అని అడిగాడు. ప్రశ్న గట్టిదే. ఉచితంగా ప్రతులు అందుకునే విమర్శకులు చెప్పాలి అన్నాము. ఈసారి వారికి అన్ని యంత్రాల ప్రతులూ ముందుగా అందుతాయా లేదా అన్నదే అసలు పరీక్ష అని కూడా చెప్పాము. అవి అందిన రోజున నెల గడువును వారానికి తగ్గిస్తామని మాట ఇవ్వక తప్పలేదు.

ఈ కథలో మనకూ ఒక పాఠం ఉన్నది. మన సంస్థలోనూ ప్రారంభోత్సవపు తేదీలు ఉంటాయి, శిలాఫలకాలు ఉంటాయి. ట్రయల్ రన్‌లో కనబడిన లోపాన్ని లాగ్‌బుక్‌లో వ్రాసే చేయి వణకకుండా ఉండాలి. "ఇంకా సిద్ధం కాలేదు" అని క్రింది ఉద్యోగి చెప్పినపుడు వినే చెవి పైన ఉండాలి. చెడిన వస్తువును బాగుచేయడానికి ఆ పోలిష్ సంస్థకు మూడేళ్ళు పట్టింది. చెడిన పేరు బాగుపడినదో లేదో, రాబోయే ఆట విడుదలైన మొదటి వారంలో తేలుతుంది. ఆ వారం కోసం మా ఇంట్లో ఒక కుర్రవాడు రోజులు లెక్కపెడుతున్నాడు. నిజం చెప్పవలసివస్తే, మేమూ లెక్కపెడుతున్నాము.