విశ్లేషణ: ఎముక కణితిని ఆపే మందు, నయం చేయని మందు

‘ఇది క్యాన్సర్ కాదు’ అని వైద్యుడు చెబితే ఎవరికైనా ఊరట కలుగుతుంది. ఎముకలో పుట్టే జెయింట్ సెల్ ట్యూమర్ విషయంలో ఆ ఊరట ఎంతోసేపు నిలవదు. ఈ కణితి ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. అయితే మోకాలు, మణికట్టు వంటి కీళ్ల పక్కన చేరి ఎముకను లోలోపలే తొలిచేస్తుంది. బాధితుల్లో అత్యధికులు 20 నుంచి 40 ఏళ్ల మధ్య వయస్కులు. పాశ్చాత్య దేశాల్లో ఎముకలోనే పుట్టే కణితుల్లో దీని వాటా సుమారు 5 శాతం కాగా, చైనాలోనూ దక్షిణ భారతంలోనూ అది 20 శాతం వరకు ఉంటుందని వైద్య గ్రంథాలు పేర్కొంటున్నాయి. అందువల్ల దీని చికిత్స మనకు దూరపు విషయం కాదు.

కణితిని గోకి తీసివేసి, ఆ ఖాళీని ఎముక సిమెంటుతో నింపడం దీనికి ప్రధాన చికిత్స. వ్యాధి ముదిరితే కీలునే తొలగించి కృత్రిమ కీలు అమర్చవలసి వస్తుంది. వెన్నెముకలోనో, దాని అడుగున ఉండే త్రికాస్థిలోనో కణితి ఏర్పడితే శస్త్రచికిత్సే ప్రమాదకరం కావచ్చు. అటువంటి వారికి 2013 జూన్‌లో ఒక దారి తెరుచుకుంది. అప్పటికే ఎముకల గుల్లబారుడుకు వాడుతున్న డెనోసుమాబ్‌ను ఈ కణితికీ వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది.

కణితిలోని మూల కణాలు ర్యాంక్ లిగాండ్ అనే ప్రోటీన్ ద్వారా ఎముకను కరిగించే భారీ కణాలను తయారు చేయించుకుంటాయి. డెనోసుమాబ్ ఆ ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. దాంతో భారీ కణాలు తగ్గిపోతాయి, నొప్పి ఉపశమిస్తుంది, కొత్త ఎముక ఏర్పడుతుంది. 2013లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో, శస్త్రచికిత్సకు వీలులేని 169 మందిలో 163 మందికి ఆ పరిశీలన కాలంలో వ్యాధి ముదరలేదు. భారీ శస్త్రచికిత్స తప్పదనుకున్న మరో 100 మందిలో 74 మందికి అప్పటివరకు దాని అవసరమే రాలేదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మందు తొలగించేది భారీ కణాలను. వాటిని పుట్టించిన మూల కణాలు మిగిలే ఉంటాయి. మందు ఆపితే కణితి తిరిగి పెరగవచ్చు. ముందుగా మందు ఇచ్చి, తరువాత కణితిని గోకి తీసిన సందర్భాల్లో అది మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువగా ఉందని పలు అధ్యయనాలు చూపాయి. కొత్తగా గట్టిపడిన ఎముకలో మూల కణాలు దాగి ఉండటం ఇందుకు కారణమని వైద్యుల వివరణ. గోకి తీసే శస్త్రచికిత్సకు ముందు ఈ మందును ఆచితూచి వాడాలని ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు కూడా సూచించారు.

దీర్ఘకాలం వాడితే దవడ ఎముక దెబ్బతినడం, రక్తంలో కాల్షియం పడిపోవడం వంటి దుష్ప్రభావాలు కలగవచ్చు. గర్భస్థ శిశువుకు హాని కలిగే అవకాశం ఉన్నందున, సంతానం కోరుకునే వయసులోని మహిళలకు ఇది తేలికైన నిర్ణయం కాదు.

దేశీయ కంపెనీల బయోసిమిలర్లు రావడంతో ఈ మందు మునుపటికన్నా అందుబాటులోకి వచ్చింది. అయినా మొదటి నెలలో అదనపు మోతాదులు, ఆపై నాలుగు వారాలకొకసారి 120 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, శస్త్రచికిత్సకు వీలులేని వారికైతే ఏళ్ల తరబడి అదే ఖర్చు. ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సను భరిస్తుంది. ఓపీ సేవలు దాని పరిధిలో లేవు. శస్త్రచికిత్స ఈ చట్రంలో సులువుగా ఇముడుతుంది. ఆసుపత్రిలో చేరనవసరం లేకుండా చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ అంత సులువుగా ఇమడదు.

ఫలితంగా రెండు వైపులా నష్టపోయే ప్రమాదం ఉంది. కణితి త్రికాస్థిలో ఉన్న పేద రోగికి అవసరమైన మందు అందకపోవచ్చు. గోకి తీస్తే సరిపోయే రోగికి, ధర తగ్గిందన్న కారణంతో అనవసరంగా మందు పడవచ్చు. అరుదైన ఈ వ్యాధికి మందు మొదలుపెట్టే ముందే ఎముక శస్త్రవైద్యుడు, క్యాన్సర్ వైద్యుడు, పాథాలజిస్టు కలిసి నిర్ణయించే ఏర్పాటు ఉండాలి. ఆ నిర్ణయం ప్రకారం మందు తప్పనిసరైన వారికి బీమా అండ దొరకాలి. ఈ రెండూ జరిగినప్పుడే ధర తగ్గిన మేలు రోగికి చేరుతుంది.