తరంగంబాడి: చర్చి జరిగింది సరే, ఊరిని ఎవరు జరిపారు?

తమిళనాడులోని మైలాడుదురై జిల్లాలో తరంగంబాడి ఓ చిన్న తీరపు ఊరు. అక్కడి న్యూ జెరూసలేం చర్చిని 1718లో కట్టారు. ముఖద్వారం పైన డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ చిహ్నం ఇప్పటికీ ఉంది. చర్చిని కట్టించిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ సమాధి కూడా లోపలే ఉంది. అయినా అది మ్యూజియం కాదు, ఆరాధన జరిగే చోటు.

ఈ ఊరి కథలో తెలుగువారికీ భాగముంది. 1620లో డేన్‌లకు ఇక్కడ కోట కట్టుకునే అనుమతి ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. మిషన్ మాత్రం 1706లో గానీ రాలేదు. ఇదే మిషన్ మనిషి బెంజమిన్ షుల్ట్జ్ తర్వాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. 1740లలో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు.

ఇక్కడ గమనించాల్సింది న్యూ అనే మాట. 1707లో కట్టిన మొదటి చర్చిని కొన్నేళ్లకే సముద్రం దెబ్బతీసింది. కొత్తది పాత చోట కాకుండా కింగ్స్ స్ట్రీట్‌లో లేచింది. మిషన్ వెనుక రాజు అండ ఉంది కాబట్టి జరగడం వీలైంది. తీరం అంచునే ఉన్న పద్నాలుగో శతాబ్దపు మాసిలామణినాథర్ గుడి జరగలేకపోయింది. అందులో చాలా భాగం అలల పాలైంది. మిగిలినదానికి ఇప్పుడు బండరాళ్లే అడ్డు.

2004 సునామీ ఈ ఊళ్లో వందల ప్రాణాలు తీసింది. పోయినవాళ్లలో ఎక్కువమంది మత్స్యకారుల కుటుంబాలవాళ్లే. 2005 మార్చిలో వచ్చిన తమిళనాడు జీఓ 172 ఒక షరతు పెట్టింది. తీరానికి 200 మీటర్ల లోపు ఉన్నవాళ్లు వెనక్కి వెళ్తే లక్షన్నర విలువైన ఇల్లు కట్టిస్తారు. వెళ్లకపోతే మరమ్మతులు సొంత ఖర్చుతో చేసుకోవాలి. పడవ, వల, వేట అన్నీ అలల పక్కనే ఉన్నవాళ్లకు దీన్ని ఎంపిక అనడం కష్టం.

అదే కాలంలో డాన్స్‌బోర్గ్ కోటకూ పాత బంగళాలకూ డెన్మార్క్ సాయంతో, ఇన్‌టాక్ వంటి సంస్థల చొరవతో మరమ్మతులు సాగాయి. అవి మంచి పనులే, సందేహం లేదు. కోస్తా నియంత్రణ నిబంధనలు కూడా వారసత్వ కట్టడాలను అత్యంత కఠిన రక్షణ ఉండే వర్గంలోనే చేర్చాయి. కట్టడానికి హోదా దొరికింది. దాని ముందు మూడు తరాలుగా వల ఆరబెట్టుకున్న కుటుంబానికి అలాంటి హోదా లేదు.

ఆ ఊళ్లో వారసత్వ పరిరక్షణ ప్రణాళిక వేసినప్పుడల్లా కట్టడాల జాబితా ముందు వస్తుంది. పడవలు లాగే జాగా, చేపలు ఎండబెట్టే ఇసుక, వేలం పాడే చోటు కూడా ఆ జాబితాలోకి రావాలి. అవి 1620లో డేన్‌లు దిగేనాటికే తీరంలో ఉన్న బతుకుదెరువులో భాగం.