పాత బుల్లెట్ ఆగితే ముందు విప్పాల్సింది ఇంజిన్ కాదు

ఆగిపోయిన పాత బుల్లెట్ చుట్టూ నలుగురు చేరితే నాలుగు తీర్పులు వెలువడతాయి. ఒకరు ప్లగ్గు మార్చమంటారు, ఇంకొకరు కార్బ్యురేటర్ విప్పమంటారు, మూడో ఆయన కాయిల్ పోయిందని తేల్చేస్తాడు, నాలుగో ఆయన ఇంజిన్ పని చేయించక తప్పదంటాడు. వీళ్లలో ఎవరో ఒకరి మాట నిజం కావచ్చు కూడా. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: బండి ఎలా ఆగింది? స్విచ్ ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగిందా, లేక దగ్గుతూ, ఊపు తగ్గుతూ, నాలుగు అడుగులు లాగి ఆగిందా? మొదటి రకమైతే అనుమానం ముందుగా కరెంటు మీదకు వెళ్లాలి. రెండో రకమైతే పెట్రోలు మీదకు. పానా చేతికి తీసుకోకముందే సగం అవకాశాలు పక్కకు జరిగిపోతాయి.

పాత మోటారు సైకిళ్ల గురించి మన దగ్గర రెండు రకాల మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి ఆ శబ్దం, ఆ ఠీవి, తాతగారి జ్ఞాపకం. రెండోది పొగ, ఖర్చు, తుక్కుకు ఇచ్చేయమనే సలహా. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ కారణాన్ని వెతికి పట్టుకునే పద్ధతిని సామాన్యుడు చేతులతో నేర్చుకోగల వస్తువు ఇంట్లో ఇంకొకటి లేదన్న సంగతి రెండూ వదిలేస్తున్నాయి. సెల్‌ఫోను విప్పితే ఏమీ కనబడదు. కొత్త బండిలో ఇంధనాన్ని, నిప్పురవ్వను నడిపేది మూసేసిన కంప్యూటర్ పెట్టె. 1955లో మద్రాసులో మొదలై, తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి దశాబ్దాల పాటు పెద్దగా మారకుండా వచ్చిన పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్ అలా కాదు. అందులో ప్రతి కారణమూ కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది.

దాన్ని స్టార్ట్ చేసే పద్ధతినే చూడండి. తాళం తిప్పి కిక్ కడ్డీని నెమ్మదిగా నొక్కుతుంటే హెడ్‌లైటు మీదున్న చిన్న అమ్మీటరు ముల్లు ఎడమకు వాలుతుంది, ఒకచోట మళ్లీ మధ్యకు వస్తుంది. బండి నడిపేవాళ్లు దాన్ని ఆనవాలుగా పట్టుకుని, డీకంప్రెసర్ లివర్ నొక్కి, కిక్‌ను ఇంకాస్త కిందకు జరిపి, అప్పుడు గట్టిగా తొక్కుతారు. ఇదేదో మంత్రంలా కొడుకుకు తండ్రి నేర్పుతాడు. నిజానికి ఆ ముల్లు చెబుతున్నది చాలా స్పష్టమైన సంగతి. కాంటాక్ట్ పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ నుంచి కాయిల్‌కు కరెంటు పారుతోంది కాబట్టి ముల్లు వాలింది. పాయింట్లు విడిపోగానే ప్రవాహం ఆగి ముల్లు మధ్యకు వచ్చింది. పాయింట్లను తెరిచే కామ్ ఇంజిన్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. అందుకే రెండు చుట్లకు ఒక్కసారే, అదీ పిస్టన్ గాలిని నొక్కుతూ పైకి వచ్చినప్పుడే అవి తెరుచుకుంటాయి. అంటే ముల్లు మధ్యకు రావడం పిస్టన్ ఎక్కడుందో చెప్పే కబురు. కిక్ తొక్కినా ముల్లు కదలకపోతే? పాయింట్లు మురికి పట్టి కలవడం లేదు, లేదా ఎక్కడో తీగ ఊడింది, లేదా బ్యాటరీ చచ్చింది. మధ్యకు రాకుండా వాలిపోయే ఉంటే పాయింట్లు తెరుచుకోవడం లేదు. ఒక్క పనిముట్టూ వాడకుండా దొరికే సమాచారం ఇది.

ఆ పాయింట్లు తెరుచుకునే క్షణంలో జరిగేదే ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలోని విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం. 12 వోల్టుల బ్యాటరీ, సుమారు 3 ఓమ్‌ల ప్రైమరీ చుట్ట, అందులో దాదాపు 4 ఆంపియర్ల కరెంటు. పాయింట్లు విడిపోగానే ఆ కరెంటు కుప్పకూలుతుంది. ఎంత వేగంగా కూలితే అంత వోల్టేజి పుడుతుంది. ప్రైమరీలో రెండు మూడు వందల వోల్టులు, వేల చుట్లున్న సెకండరీలో 10 వేల వోల్టులకు పైగా. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ప్లగ్గు కొసన రవ్వగా దూకుతుంది. రేడియో తరంగాలను మొదట పుట్టించిన హెర్ట్జ్ ప్రయోగాల్లో రవ్వలను పుట్టించింది కూడా ఇలాంటి ప్రేరణ చుట్టే. పాత బండి వీధిలో వెళ్తుంటే ఇంట్లో రేడియో గరగరమనడానికి కారణం అదే.

ఇక్కడే కండెన్సర్ అనే చిన్న డబ్బా ఉంది. బండిలో అత్యంత చవకైన భాగాల్లో ఒకటి, ఎక్కువగా అపార్థానికి గురయ్యేది కూడా. అది లేకపోతే పాయింట్లు విడిపోతున్న సన్నని సందులోనే మెరుపు దూకి కరెంటు నెమ్మదిగా తగ్గుతుంది. నెమ్మదిగా తగ్గితే వోల్టేజి పుట్టదు, ప్లగ్గుకు రవ్వ అందదు. కాబట్టి పాయింట్ల దగ్గర పెద్ద పెద్ద మెరుపులు కనిపిస్తూ ప్లగ్గు దగ్గర రవ్వ నీరసంగా ఉంటే వేలు కండెన్సర్ వైపు చూపించాలి. పాయింట్ల మీద నల్లటి మచ్చలున్నాయని ఎమరీ పేపరుతో రుద్ది సంతోషించేవాళ్లు ఎందరో. వారం తర్వాత మచ్చలు మళ్లీ వస్తాయి, ఎందుకంటే జబ్బు అక్కడ లేదు. ఫీలర్ గేజితో ఆ సందును 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంచడం మాత్రం ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగిన పనే.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు, ఓపిక తినేసే ఫిర్యాదు ఒకటుంది. బండి పొద్దున్నే బాగా స్టార్ట్ అవుతుంది, ఇరవై నిమిషాలు నడుస్తుంది, ఆగిపోతుంది. అరగంట చెట్టు కింద నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లేసరికి బాగానే ఉంటుంది. దీనికి కనీసం నాలుగు కారణాలుండొచ్చు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే పెట్రోలు దిగేకొద్దీ లోపల పీడనం తగ్గి ప్రవాహం ఆగిపోతుంది. కాయిల్ లోపల ఇన్సులేషన్ వేడికి తట్టుకోలేకపోవచ్చు. కండెన్సర్ వేడెక్కి లీకవుతుండొచ్చు. ట్యాపెట్ బిగువుగా ఉంటే వేడికి సాగిన ఎగ్జాస్ట్ వాల్వ్ కాడ పూర్తిగా కూర్చోలేక కంప్రెషన్ పోవచ్చు.

చిక్కేమిటంటే, అరగంట ఆగితే నాలుగూ వాటంతటవే బాగవుతాయి. ట్యాంకులోకి గాలి మెల్లగా చొరబడుతుంది, కాయిల్ చల్లారుతుంది, కండెన్సర్ చల్లారుతుంది, వాల్వ్ కాడ కుదించుకుంటుంది. అంటే 'చల్లారాక స్టార్ట్ అయింది' అన్న సాక్ష్యం ఏ ఒక్కరినీ నేరస్థుడిగా చూపించదు. సాక్ష్యమంతా ఆగిన మొదటి రెండు మూడు నిమిషాల్లోనే ఉంది, సరిగ్గా ఆ సమయంలోనే మనవాళ్లు బండి పక్కకు నెట్టి టీ కొట్టు వెతుక్కుంటారు. ఆగిన వెంటనే ట్యాంకు మూత తెరవాలి. సుయ్‌మని గాలి లోపలికి పోయి, కాసేపటికి బండి అందుకుంటే దోషి మూత. లేదంటే కాలుతున్న ప్లగ్గును గుడ్డతో విప్పి, క్యాప్ తగిలించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా హెడ్డుకు ఆనించి కిక్ కొట్టాలి. దూరంగా అన్నది ఊరికే చెప్పింది కాదు, ఆ రంధ్రం నుంచి వచ్చేది పెట్రోలు ఆవిరి. రవ్వ లేకపోతే కరెంటు దారి. రవ్వ బాగుండి, పెట్రోలూ అందుతూ, కిక్ మాత్రం తేలిగ్గా దిగిపోతుంటే కంప్రెషన్. అప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాక పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

ఈ వరుసలో వెళ్లకుండా ప్లగ్గు, కాయిల్, కండెన్సర్ మూడూ ఒకేసారి మార్చేస్తే బండి నడవొచ్చు. కానీ ఏది చెడిందో ఎన్నటికీ తెలియదు. అంతకన్నా అన్యాయం ఇంకొకటుంది. పాత బండ్లకు దొరికే విడిభాగాల్లో నాసిరకానివి తక్కువేమీ కాదు. కొత్త కండెన్సరే చెడిపోయినదైతే ఒక లోపం ఉన్నచోట రెండు చేరతాయి, అనుమానితుల జాబితా నుంచి 'కొత్తది కాబట్టి బాగుంటుంది' అని దాన్ని తీసేస్తారు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసిపెట్టుకోవాలి, పాతది పారేయకూడదు. ప్రయోగశాలలో విద్యార్థికి మొదటి రోజు చెప్పే మాటలివే, షెడ్డులో మాత్రం ఎవరూ చెప్పరు.

కార్బ్యురేటర్ విషయంలో ఒక్క మాట. పైలట్ జెట్ రంధ్రం పూడుకుందని ఇనుప తీగ గుచ్చేవాళ్లున్నారు. రంధ్రం వ్యాసం పదో వంతు పెరిగితే వైశాల్యం ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. ఆ తర్వాత స్క్రూ ఎంత తిప్పినా ఐడిలింగ్ కుదరదు. పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టడం చాలు.

ఇప్పుడు ఆ కార్బ్యురేటర్‌కు కొత్త పరీక్ష వచ్చింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు. మిశ్రమానికి పదమూడున్నర దగ్గర. కొత్త బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను పసిగట్టి ఇంధనం పెంచుతుంది. ఇత్తడి జెట్‌కు ఆ తెలివి లేదు, అది పాత లెక్కనే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గు కొస ఇటుక రంగు వదిలి తెల్లబడటం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలు దీని గుర్తులు. ఇంతకాలం పెట్రోలు ఎక్కువ తాగేలా సెట్ చేసిన బండ్లు చాలా ఉన్నాయి, వాటికి తేడా తెలియకపోవచ్చు. సరిగ్గా ట్యూన్ చేసిన బండికే ఒక సైజు పెద్ద జెట్ అవసరం పడుతుంది.

మైలేజీ గురించి జరుగుతున్న గొడవలో లెక్క సులువే. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి, ఇథనాల్‌లో 21. మిశ్రమంలో 7 శాతం దాకా తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదిక ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై 10 శాతానికి సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గుదల ఉంటుందని అంచనా వేసింది. 1970ల నాటి బండి ఆ వర్గంలోకి కూడా రాదు. పాత బండికి అసలు బెడద మైలేజీ కాదు, రబ్బరు, నీరు. ఆనాటి పెట్రోలు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు మోతాదు మించితే ఇథనాల్‌తో కలిసి అడుగున వేరే పొరగా చేరి ఇనుమును తింటుంది. నెలకు మించి నిలబెట్టే బండి కార్బ్యురేటర్‌ను ఖాళీ చేయాలి, గొట్టాలు కొత్త రకానివి వేయాలి. ఏ పాత మోడల్‌కు ఏ గొట్టం, ఏ జెట్ సరిపోతుందో తెలుగులో ఒక్క పేజీ రాసి బంకుల దగ్గర పెట్టడం తయారీదారులకు, చమురు సంస్థలకు పెద్ద పని కాదు. ఇంధనం మార్చినవాళ్లు ఆ మాత్రం బాధ్యత తీసుకోవాలి.

పాత బండికి మంచిదని ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు పోయించేవాళ్ల డబ్బు మాత్రం వృథా. ఆక్టేన్ అంటే నొక్కిడికి ముందే అంటుకోకుండా ఆగే గుణం, బలం కాదు. కంప్రెషన్ నిష్పత్తి తక్కువగా ఉండే పోత ఇనుము బుల్లెట్‌కు అది అక్కరే లేదు. పాత ఇంజిన్‌కు నిజంగా దూరమైంది సీసం. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. వాల్వ్ పీటల మీద పొరలా కూర్చుని అరుగుదలను ఆపిన సీసం పిల్లల మెదళ్లను దెబ్బతీసింది, కాబట్టి దాని కోసం విచారించనక్కర్లేదు. ట్యాపెట్లు కాస్త తరచుగా చూసుకుంటే సరి.

ఇదంతా పాత బండిని రోజూ ఆఫీసుకు తోలమని చెప్పడం కాదు. కెటలిటిక్ కన్వర్టర్ లేని కార్బ్యురేటర్ బండి కిలోమీటరుకు వదిలే కాలుష్యం నేటి బీఎస్-6 బండి కన్నా చాలా ఎక్కువ. నూనె కలిపిన పెట్రోలు తాగే యెజ్డీలు, ఆర్ఎక్స్ 100లు ఇంకా ఎక్కువ. కేంద్ర రవాణా శాఖ 2021 నిబంధనలు 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తూనే రోజువారీ ప్రయాణానికి వాడకూడదన్నాయి. అది న్యాయమే. ఇంట్లో పని చేసేవాళ్లు వాడిన ఇంజిన్ ఆయిల్‌ను కాలువలో పోస్తే, ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశమున్న పాత బ్రేక్ షూల దుమ్మును తడిగుడ్డతో తుడవక ఊదితే ఆ అభిరుచి ఇరుగుపొరుగుకు శాపమే.

నెలకోసారి తిరిగే బండి విలువ రోడ్డు మీద కాదు, స్టాండు మీద ఉంది. అటల్ టింకరింగ్ ల్యాబుల పేరుతో దేశంలో 10 వేలకు పైగా పాఠశాలల్లో త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు పెట్టారు. కొత్తది తయారు చేయడానికి అన్నీ ఉన్నాయి. చెడిపోయినదాన్ని ఎదుట పెట్టి, ఎందుకు చెడిందో కనుక్కోమనే అభ్యాసం మాత్రం పాఠ్యప్రణాళికలో ఎక్కడా కనిపించదు. ఒక బ్యాటరీ, తుక్కు దుకాణంలో దొరికే ఇగ్నిషన్ కాయిల్, పాయింట్ల ప్లేటు, కండెన్సర్, ప్లగ్గు. వీటిని చెక్కపలక మీద బిగించి, ఉపాధ్యాయుడు ఎవరికీ చెప్పకుండా ఒక్క లోపం పెట్టి పిల్లలకు ఇస్తే చాలు. వోల్టేజి ఎక్కువ కాబట్టి పిల్లలు ముట్టుకోకుండా ప్లగ్గుకు గాజు పెట్టె కావాలి. కండెన్సర్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి రవ్వ చూసిన విద్యార్థికి కరెంటు మారే వేగం అంటే ఏమిటో సమీకరణం రాయకముందే కళ్లకు కడుతుంది.