కొర్రమీను కొట్టేస్తున్న పేరు

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసం రోగులు బారులు తీరతారు. పసుపు రంగు ముద్ద పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే గొంతులోకి జారవిడుస్తారు. శాకాహారులకైతే బెల్లంలో ఇస్తారు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి ఈ రహస్యం చెప్పాడని, దీన్ని పంచే బత్తిని కుటుంబం చెబుతుంది. ముద్దలో ఏముందో మాత్రం చెప్పదు. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు రుజువు అడుగుతూ వచ్చాయి. ‘చేప మందు’ కాస్తా ‘చేప ప్రసాదం’ అయింది. రుజువు మాత్రం రాలేదు.

చేప కదులుతూ పోయి కఫాన్ని ఊడ్చేస్తుందట. మింగినది అన్నవాహికలోంచి కడుపులోకి పోతుంది. ఉబ్బసం ఉండేది శ్వాసనాళాల్లో. దారే వేరైనప్పుడు చేప ఊడ్చేదేమిటి?

అయినా, ‘మా బాబుకు తగ్గింది’ అనే తల్లి అబద్ధమాడటం లేదు. తగ్గడం నిజం. ఆ పేరు చేపకు దక్కడమే అన్యాయం.

అదెలాగో తెలియాలంటే ముందు ఈ జబ్బు ఎలా మొదలవుతుందో చూడాలి. పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి ఆర్‌ఎస్‌వీ, రైనోవైరస్ వంటి వైరస్‌లు దిగితే ఆయాసం, పిల్లికూతలు మొదలవుతాయి. కొద్దిరోజులకు వైరస్ పోతుంది; అది చేసిన గాయం అంత త్వరగా మానదు. దెబ్బతిన్న లోపలి పొర ఐఎల్-33, టీఎస్‌ఎల్‌పీ అనే సంకేతాలు పంపి అలర్జీ వాపు తెచ్చే రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది. ఆ తర్వాత ఇంటి దుమ్మో, పుప్పొడో తగిలితే నాళాలు మరింత వాచి బిగుసుకుపోవచ్చు. వైరస్ పోయినా మార్పు మిగులుతుందనడానికి ఒక గుర్తు: తీవ్రమైన ఫ్లూ నుంచి కోలుకున్న ఎలుకల ఊపిరితిత్తుల్లో, మామూలుగా అక్కడ ఉండని టఫ్ట్ కణాలు అనే ప్రత్యేక కణాలు పుట్టుకొచ్చినట్లు పరిశోధకులు చూశారు.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో అలర్జీ, ఉబ్బసం ఉన్న కుటుంబాల పిల్లలను పుట్టుక నుంచి గమనించారు. మూడేళ్లలోపు రైనోవైరస్ వల్ల పిల్లికూతలు వచ్చినవారికి ఆరేళ్ల వయసులో ఉబ్బసం ఉండే అవకాశం దాదాపు 10 రెట్లు కనిపించింది. వైరసే ఉబ్బసం తెస్తుందా, లోపలున్న స్వభావాన్ని బయటపెడుతుందా అన్న చర్చ ఇంకా ముగియలేదు. అలా తన జవాబును తానే పరీక్షకు పెట్టుకునేది శాస్త్రం.

అసలు కీలకం ఆరిజోనాలోని టక్సన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో ఉంది. మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చినవారిలో సగానికి పైగా పిల్లలకు ఆరేళ్లకల్లా అవి పోయాయి. అక్కడ ఎవరూ కొర్రమీను మింగించలేదు. మన దగ్గర ప్రసాదం వరుసగా మూడేళ్లు తీసుకోమంటారు. మూడో ఏట మొదలుపెట్టిన బిడ్డకు ఆరో ఏడు వచ్చేసరికి, వయసుతో తగ్గేది ఎలాగూ తగ్గుతుంది. తగ్గనివాడి తల్లి పత్యం సరిగా చేయలేదేమోనని తననే నిందించుకుంటుంది. గెలుపు చేపది, ఓటమి రోగిది!

ఇంకో వైపరీత్యం చూడండి. ఉబ్బసాన్ని రెచ్చగొట్టేవాటిలో జలుబు వైరస్‌లే ముందుంటాయి. అలాంటి రోగులనే కిక్కిరిసిన చోట చేర్చి, ఒక నోట్లో పెట్టిన వేళ్లు ఇంకో నోట్లో పెడతారు. కోవిడ్ కాలంలో ఈ పంపిణీని ఆపేసి, 2023లోగానీ తిరిగి మొదలుపెట్టలేదు. గుంపులో వైరస్ అంటుకుంటుందన్న సంగతి ఆ కొన్నేళ్లకే పరిమితం కాదు కదా!

ప్రసాదం తీసుకోవడం, మానడం మీ ఇష్టం. డాక్టరు చెప్పకుండా ఇన్‌హేలర్ మాత్రం మానకండి. అది అలవాటైపోతుందన్న భయం వట్టిది. రోజూ వాడమని ఇచ్చే ఇన్‌హేలర్‌లో సాధారణంగా నాళాల వాపును తగ్గిస్తుందని పరీక్షల్లో తేలిన మందు ఉంటుంది. బిడ్డకు ఊపిరాడనప్పుడు వచ్చే కార్తె కోసం ఎదురుచూడకండి, ఆసుపత్రికి పరుగెత్తండి.