నెలజీతము లేనివారికి అద్దెయిల్లు

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో అద్దెయింటికై తిరుగువానిని యజమానులు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: ఎక్కడ ఉద్యోగము, నెలకు జీతమెంత? ప్రభుత్వోద్యోగియైనచో తలుపు తెరచుకొనును. కంపెనీ జీతపుచీటీ చూపినచో బేరము సాగును. స్వయముగా గుత్తపనులు చేసికొను మేస్త్రీయో, విద్యుత్పనివాడో, ఇండ్ల నమూనాలు గీయు ఇంజనీరో యైనచో, “ఇంటిలో ఆలోచించి చెప్పెదము” అను మాటతో సంభాషణ ముగియును. సంవత్సరము మొత్తముమీద ఉద్యోగికన్న అధికముగా ఆర్జించువానికి సైతము ఈ మర్యాదయే జరుగుచున్నది.

యజమానుల భయము నిరాధారమని మేమనము. అద్దెమీదనే జీవించు వృద్ధులును, వితంతువులును పెక్కురు గలరు. రెండు మాసములు అద్దె నిలిచినచో వారి సంసారము సాగదు. దావా వేసి ఇల్లు ఖాళీచేయించుట యేండ్లతరబడి పని. గుత్తేదారునకు ఒక మాసమున బిల్లు వచ్చును, మూడు మాసములు రాదు. అయినను, ఆదాయము క్రమము తప్పి వచ్చుట వేరు, ఆదాయమే లేకుండుట వేరు.

ఈ భేదమును మన భూస్వాములకన్న బాగుగ ఎరిగినవారెవరు? రైతునకు నెలజీతము ఎవరిచ్చుచున్నారు? సార్వా, దాళ్వా కోతలనాడు ధనము చేతికి వచ్చును; తక్కిన మాసములు దానితోనే గడచును. శిస్తు వసూలున మిక్కిలి కఠినమైన ఆంగ్లేయ ప్రభుత్వము సైతము ఫసలీకి ఒకమారు జమాబందీ జరిపి, కిస్తులుగా పుచ్చుకొనెనేగాని, నెలనెలా ఆదాయమునకు రుజువు చూపుమని రైతును అడుగలేదు. పరప్రభుత్వము గ్రహించిన సంగతిని మన గృహయజమానులు గ్రహింపలేరా?

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె శాసనము, నివాసగృహములకు దరావతు రెండు మాసముల అద్దెకు మించరాదనియు, కరారు వ్రాతమూలకముగ ఉండవలెననియు విధించినది. గడువు తీరినను ఖాళీచేయనివానినుండి మొదటి రెండు మాసములు రెట్టింపును, పిమ్మట నాలుగురెట్లును రాబట్టుకొను హక్కును యజమానికొసగినది. అనగా ఉభయులకును రక్షణ గలదు. కాని నమూనా నమూనాయే. రాష్ట్ర శాసనసభలు చట్టము చేసిననేగాని దానికి బలము లేదు. చట్టమైనను, ఫలానివానికి ఇల్లిమ్మని యజమానిని నిర్బంధింపజాలదు. ఆ పని లోకాచారము మారినగాని కాదు.

మా సూచన యిది. జీతపుచీటీకి బదులు గడచిన పండ్రెండు మాసముల బ్యాంకు లెక్కను, ఆదాయపు పన్ను రిటర్నును, పూర్వపు యజమాని చెప్పు మాటను ప్రమాణముగా గైకొనవలెను. బిల్లు అందినప్పుడు మూడు మాసముల అద్దె ముందుగా చెల్లించు పద్ధతిని ఉభయసమ్మతితో కరారున చేర్చుకొనవచ్చును. గుత్తేదారులును తమ ధర్మమును మరువరాదు. బిల్లు చేతికందిన దినముననే రాబోవు మాసముల అద్దెను వేరుగ ఉంచి ముట్టకుండవలెను, లెక్కలు వ్రాసియుంచవలెను, ఆలస్యము కానున్నచో గడువునకు ముందే చెప్పవలెను. మాట దక్కించుకొన్న యొక్కడు పదిమందికి ఇల్లు సంపాదించిపెట్టును. మాట తప్పిన యొక్కడు పదిమందికి తలుపు మూయించును.

నగరమున మేడలు లేపు మేస్త్రీ తన బిడ్డలతో వీధివీధి తిరిగి, తాను కట్టిన మేడలలోనే అద్దెకు గది దొరకక మరలిపోవుట మనకు గౌరవము కాదు. గృహయజమానులు ఇకమీదట నెలను గాక సంవత్సరమును చూచి, జీతమును గాక నడవడిని విచారించి ఇల్లిత్తురని ఆశించుచున్నాము.